దారాలు నేర్పిన వాస్తువు

వాస్తుశిల్పి మరణించిన తరువాత అతడు తలపెట్టిన కట్టడం ఎట్లా పూర్తి కావాలి? చిత్రపటాలే ఆధారమైతే, అవి కాలిపోయిననాడు పని ఆగిపోవలసినదేనా? ఈ ప్రశ్నకు స్పెయిన్ దేశంలోని బార్సిలోనా నగరం ఇచ్చిన సమాధానాన్ని మేము నేడు శ్రోతల ముందు ఉంచుతున్నాము.

అక్కడి సగ్రాద ఫమీలియా దేవాలయ నిర్మాణం 1882లో ఆరంభమైనది. మరుసటి యేట ఆ బాధ్యత ఆంటోనీ గౌడీకి సంక్రమించినది. కొలోనియా గ్వెల్ అనే మరొక ప్రార్థనాలయం కోసం ఆయన దారాలను వ్రేలాడదీసి, వాటికి సీసపు గుండ్ల సంచులు కట్టి, ఏ బరువుకు ఏ వంపు తిరుగునో గమనించారు. ఆ వంపును తలక్రిందులు చేసి కట్టిన కమాను తన బరువును తానే మోయగలదు. ఒక సంచి బరువు మార్చితే దారాలన్నీ తమంతట తామే సర్దుకుంటాయి. అనగా ఆయన ఆకారాన్ని గీయలేదు. ఆకారాన్ని పుట్టించే నియమాన్ని కల్పించారు.

1926లో గౌడీ మరణించారు. 1936లో అంతర్యుద్ధపు అల్లర్లలో కార్యశాల దగ్ధమైనది; ప్లాస్టరు నమూనాలు ముక్కలైనవి. అయితే దేవాలయపు ఉపరితలాలలో అనేకం సరళరేఖ కదలికతో ఏర్పడే జ్యామితీయ రూపాలు. కనుక ముక్కలను కొలిచి, వాటి వెనుకనున్న సూత్రాన్ని తిరిగి తెలుసుకొనడం సాధ్యమైనది. 1979లో ఈ పనిలో చేరిన మార్క్ బరీ, తరువాతి దశాబ్దాలలో విమానాల రూపకల్పనకై ఏర్పడిన కంప్యూటరు సాధనాలను ఇందుకు వినియోగించారు. 2010లో పోపు పదహారవ బెనెడిక్ట్ దేవాలయాన్ని ప్రతిష్ఠించారు.

కంప్యూటరుకు రేఖలతోపాటు నియమాలను కూడ నేర్పవచ్చునని 1963లోనే అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ తన స్కెచ్‌ప్యాడ్ ద్వారా నిరూపించారు. 2007లో వెలువడిన గ్రాస్‌హాపర్, అటుపిమ్మట వచ్చిన డైనమో ఆ మార్గాన్ని సుగమం చేసినవి. వీటిలో సంకేతభాష వ్రాయనక్కరలేదు. తెరమీద చిన్న పెట్టెలను తీగలతో కలిపితే చాలును; ఒక సంఖ్య మారితే దానిని అంటిన భాగాలన్నీ మారుతాయి. డైనమో, భవన సమాచార నమూనాలను తయారుచేసే రెవిట్‌తో ముడిపడినది. ఆ నమూనాలో గోడ అంటే రెండు గీతలు కాదు. మందం, పదార్థం, పరిమాణం కూడిన వస్తువు. అందుచేత ఎత్తు మార్చిన క్షణాననే సామగ్రి లెక్క కూడ మారుతుంది.

అయితే ఒక భేదమున్నది. దారం బరువుకు తగినట్లే వంగుతుంది, దానిని మోసగించలేము. తెరమీది తీగ మాత్రం మనము కలిపినట్లే నడుస్తుంది. నియమం తప్పైతే తప్పు భవనాన్నే క్షణంలో గీసి చూపుతుంది. కనుక ఏ నియమాన్ని ఎందుకు పెట్టినదీ వ్రాసి భద్రపరచడం నేటి వాస్తుశిల్పుల ధర్మం. రేపు వారి పనిని కొనసాగించేవారికి అదే ఆధారం.