నకలు చిత్రముల సాక్ష్యము

నెల్లూరు తీరమున, పులికాటు సరస్సునకు చేరువలో, దుర్గరాజపట్నమను ఊరు కలదు. 1626లో ఆంగ్లేయ ఈస్టిండియా కంపెనీవారు ఇచట వర్తకస్థానమును నెలకొల్పి, దానిని ‘ఆర్మగాన్’ అని వ్యవహరించిరి. అంతకు ముందే, 1610లో, డచ్చివారు పులికాటున దిగియుండిరి. ఈ కోరమాండల్ తీరమునుండి ఐరోపాకు తరలిన సరకులలో నూలుబట్టలతోపాటు నీలిమందు కూడ నుండెడిది. నీలిమందు అద్దకమునకే కాక చిత్రలేఖనమునకు కూడ పనికివచ్చెను. లక్కపురుగు నుండి తీసిన మన దేశపు ఎరుపురంగు అంతకు పూర్వమే ఇటలీ చిత్రకారులకు పరిచితము. ఆ జాతి రంగులకు వారిచ్చిన ‘లేక్’ అను పేరు మన ‘లక్క’కు చుట్టమే.

కాని ఈ రెండు రంగులకును ఒక లోపము కలదు. ఏండ్ల తరబడి వెలుతురు తగిలినచో ఇవి వెలిసిపోవును. పైపూసిన వార్నిషు పచ్చబారును. అట్లయిన, నాలుగైదు వందల ఏండ్లనాటి ముఖచిత్రమున నేడు మనము చూచునది చిత్రకారుడు వ్రాసిన రూపమేనా? ఈ ప్రశ్నకు సాక్ష్యము చెప్పువానిలో ముఖ్యమైనది చేతితో వ్రాసిన నకలు.

ఛాయాగ్రహణము లేని ఆ కాలమున నకలు వ్రాయుట గౌరవప్రదమైన వృత్తి. రాజులు తమ రూపపటములను బంధురాజులకు పంపుకొనెడివారు. శిష్యులు గురువు చిత్రమును చూచి వ్రాసియే విద్య నేర్చెడివారు. నకలును మూలమని అమ్ముట మోసము; నకలని చెప్పి వ్రాయుట విద్య.

ఆ పని ఓర్పుతో కూడినది. మొదట కొయ్యపలకపై సుద్దయు జిగురును కలిపిన పూత వేసి నునుపు చేయుదురు. దానిపై గీతలతో రూపము నిలుపుదురు. పిమ్మట అవిసెనూనెలో నూరిన రంగులను పలుచని పొరలుగా వేయుదురు. ఈ నూనె నీటివలె ఆవిరియై ఆరునది కాదు. గాలిలోని ఆమ్లజనితో కలిసి మెల్లగా గట్టిపడును. అందుచే పొరకును పొరకును నడుమ దినములు వేచియుండవలెను.

ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ, అతని రాణి, తల్లిదండ్రులు గల గోడచిత్రమును 1537లో హోల్బైన్ వైట్‌హాల్ రాజభవనమున వ్రాసెను. 1667లో రెండవ చార్లెస్ రాజు కోరగా వాన్ లీంపుట్ అను చిత్రకారుడు దానికి చిన్న నకలు వ్రాసెను. 1698లో భవనము కాలిపోయి గోడచిత్రము నశించెను. హోల్బైన్ వేసికొన్న నమూనాలో ఒక భాగము మిగిలినను, నలుగురు నిలిచిన ఆ చిత్రము మొత్తము రంగులతో ఎట్లుండెనో నేడు మనకు చెప్పునది ఆ చిన్న నకలే.

మూలము నిలిచియున్నను నకలునకు పని తీరదు. 1503 ప్రాంతమున లియొనార్డో డావిన్సీ ఆరంభించిన ‘మోనాలిసా’ పారిస్ నగరమున లూవ్ర్ ప్రదర్శనశాలలో కలదు. దాని నకలొకటి స్పెయిను దేశమున మాడ్రిడ్ నగరపు ప్రాడో ప్రదర్శనశాలలో నల్లని నేపథ్యముతో చిరకాలముండెను. ఎవరో తరువాత వ్రాసినదని తలచిరి. పరారుణ కిరణములతో పరిశీలింపగా, మూలమున లియొనార్డో చేసిన దిద్దుబాట్ల వంటివే నకలు రంగుపొరల క్రింద కనబడెను. పూర్తయిన చిత్రమును చూచి వ్రాసినవానికి లోపలి దిద్దుబాట్లు తెలియవు. కావున గురువు వ్రాయుచుండగా ప్రక్కన ఒక శిష్యుడు వ్రాసినదని 2012లో ప్రకటించిరి. పైనున్న నల్లరంగును తొలగింపగా కొండలును, దారులును బయటపడెను. మూలమున మసకబారిన చేతికుట్టు ఎరుపు ఇందు తేటగా నున్నది.

మన దేశమున నకళ్ల చరిత్ర అజంతా గోడచిత్రములతో ముడిపడినది. అజంతా నాడు హైదరాబాదు సంస్థానములోనిది. 1844 మొదలు మద్రాసు సైన్యపు అధికారి రాబర్ట్ గిల్ ఆ చిత్రములకు తైలవర్ణములతో నకళ్లు వ్రాసెను. 1866లో లండను క్రిస్టల్ పాలెస్ అగ్నిప్రమాదమున అవి కొన్ని తప్ప దగ్ధమయ్యెను. 1872 మొదలు జాన్ గ్రిఫిత్స్ బొంబాయి కళాశాల విద్యార్థులతో మరల వ్రాయించెను. 1885లో వానిలో అనేకము లండనునందే అగ్నిపాలయ్యెను. తరువాత హైదరాబాదు పురాతత్వశాఖ పక్షమున సయ్యద్ అహమ్మద్, జలాలుద్దీన్ వ్రాసిన నకళ్లు హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని ప్రదర్శనశాలకు చేరెను.

అయినను ఏ సాక్షినైనను ప్రశ్నింపక నమ్మరాదు. నకలు వ్రాసినవాడు తన కాలపు అభిరుచిని తెలియకయే చేర్చవచ్చును. అతని రంగులును వెలియును. అందుచే పండితులు నకలును మూలముతోను, ఇతర నకళ్లతోను పోల్చి నిర్ణయింతురు.

దీనిని పాఠశాలలోనే చూడవచ్చును. పూలరసముతో రంగువేసిన కాగితమును సగము దళసరి అట్టతో కప్పి, కొన్ని వారములు ఎండలో నుంచవలెను. అట్ట తీసినంతనే కప్పిన సగము, కప్పని సగము పూర్వమెట్లుండెనో చెప్పును. మంచి నకలు చరిత్రకు చేయు ఉపకారము ఇట్టిదే.