ముంతమామిడి: గింజ నుంచి అంటు దాకా

ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే దారిలో మా తాతగారి మెట్టపొలం ఉంది. గట్టు వెంట ఆయన వేసిన ముంతమామిడి చెట్లు పదకొండు మిగిలాయి. అన్నీ ఏరుకొచ్చిన గింజలు పాతితే మొలిచినవే. ఒకదాని గింజ పెద్దది, ఒకదానిది చిన్నది, ఒకటి విరగపూసినా కాయ నిలవదు. వాటిని కొట్టేసి అంటుమొక్కలు వేద్దామని ఇంట్లో రెండేళ్ళుగా మాట నడుస్తోంది. నేనూ మొదట అదే అన్నాను. ఈ చెట్టు కథ చదివాక కొంచెం ఆగుదాం అంటున్నాను.

ఉదయగిరి కోట కృష్ణదేవరాయల చేతికొచ్చింది 1514లో. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్ళి ఆయన గుడి కట్టించాడు. ఆ ముట్టడిలో ఉన్న సైనికులు అడవిలో దొరికే సారపప్పు తిని ఉండొచ్చు గానీ, ముంతమామిడి పప్పు తిని ఉండరు. అది బ్రెజిల్ చెట్టు. గోవాలో ఉండి మందుమొక్కల మీద పుస్తకం రాసిన గార్సియా ద ఓర్తా 1563లో కూడా దాని ఊసెత్తలేదు. 1578లో అకోస్టా మాత్రం కొచ్చిన్ తోటల్లో చూశానని రాశాడు. పోర్చుగీసు ఓడల్లో వచ్చిన గింజ ఆ నడుమ కాలంలో ఇక్కడ వేరు పట్టిందన్నమాట.

కొత్త చెట్టుకు మనవాళ్ళు పాత చుట్టాల పేర్లే పెట్టారు. ముంతమామిడి అన్నా, జీడిమామిడి అన్నా మామిడి ఉంది. బట్టల మీద చెరగని గుర్తులు పెట్టడానికి వాడిన నల్లజీడి మనకు ముందే తెలుసు. దాని రసంలాగే దీని పెంకులోని నూనె కూడా ఒంటికి తగిలితే పొక్కుతుంది. మామిడి, నల్లజీడి, సార, ముంతమామిడి ఒకే కుటుంబానివని వృక్షశాస్త్రం కూడా చెబుతుంది.

మన దేశంలో చాలాకాలం దీన్ని పప్పు కోసం వేయలేదు. కోత పడే నేలను పట్టి ఉంచడానికి, ఇసుక దిబ్బల మీద, బంజర్లలో వేశారు. నేల ఆగితే చాలు కాబట్టి ఏ చెట్టు గింజ అని ఎవరూ అడగలేదు. నీళ్ళలో వేసి, మునిగినవి ఏరి, తొడిమ వైపు పైకి ఉండేట్టు గుంటకు రెండు మూడు పాతి, బలమైన మొక్కను ఉంచి మిగతావి పీకేయడం పాత పద్ధతి. గుంటలోనే విత్తడానికి కారణం తల్లివేరు. అది తొందరగా లోతుకు దిగుతుంది. నేను ఒకసారి చిన్న సంచుల్లో మొలిపించి, ఆర్నెల్లు ఆలస్యంగా నాటాను. వేరు సంచి అడుగున చుట్టలు చుట్టుకుపోయింది. ఆ ఎండాకాలం ఒక్క మొక్కా దాటలేదు. మా వైపు ముఖ్యమైన వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడేదే. ఆ అదును తప్పితే కుండతో పోసే నీళ్ళు ఎన్నాళ్ళని ఆదుకుంటాయి?

పప్పు సరుకయ్యాక లెక్క మారింది. ముంతమామిడి ఎక్కువగా పరపరాగ సంపర్కంతో కాసే చెట్టు. అందుకే తల్లి ఎంత మంచిదైనా గింజ మొక్క అలాగే ఉంటుందన్న భరోసా లేదు. 1955లో బాపట్లలో మొదలైన పరిశోధనా కేంద్రం మంచి చెట్లను ఏరి పెట్టే పని చేసింది. 1980ల నుంచి లేతకొమ్మ అంటు బాగా వ్యాపించింది. సంచిలో గింజ మొలిపించి, సుమారు రెండు నెలల లోపు మొక్క తల కోసి, చీల్చి, మంచి చెట్టు కొమ్మను అందులో దించి కడతారు. నాటాక అతుకు కింద వచ్చే చిగుళ్ళను గిల్లేస్తూ ఉండాలి. వదిలేస్తే అడుగున ఉన్న గింజ మొక్కే పైకొచ్చి కూచుంటుంది.

అంటు ఉన్నదాన్ని మళ్ళీ చేస్తుంది, కొత్తదాన్ని పుట్టించదు. మన రాష్ట్రంలో బాగా తెలిసిన బి.పి.పి-8 రకాన్ని బాపట్లలో 1వ నంబరు చెట్టుకూ 39వ నంబరు చెట్టుకూ సంకరం చేసి తీశారు. ఆ రెండూ ఒకప్పుడు ఉత్త నంబర్లు. ఎవరో ఓపిగ్గా నంబరు వేసి, ఏటా కాపు తూచి రాసుకున్నారు కాబట్టే వాటి విలువ తెలిసింది.

అందుకే ఈసారి గొడ్డలి కంటే ముందు రంగు డబ్బా తీసుకెళ్ళాను. పదకొండింటికీ నంబర్లు వేశాను. మూడు కాపులు విడివిడిగా తూస్తాం. కాయనివి పోతాయి, వాటి చోట అంటుమొక్కలు వస్తాయి. నిలిచిన చెట్టు ఒక్కటున్నా దాని కొమ్మ కోసి అంటు కట్టిస్తాం. తాత ఏ గింజ ఏ చెట్టుదో రాసుకోలేదు. మనం రాసుకుందాం.