క్రికెట్‌లో ఫార్మాట్ నిపుణులు: టెస్టు వీరులు, పొట్టి క్రికెట్ వీరులు వేరుపడిన చరిత్ర

టెస్టులకే పరిమితమైన ఆటగాళ్లనూ, వన్డేలు, టీ20లకే పరిమితమైన ఆటగాళ్లనూ క్రికెట్‌లో ఫార్మాట్ నిపుణులుగా పరిగణిస్తారు. మొదటివారిది ఎర్ర బంతితో అయిదు రోజులు సాగే ఆట. రెండోవారిది తెల్ల బంతితో ఒక్క రోజులోనో ఒక్క పూటలోనో తేలిపోయే ఆట. టెస్టు క్రికెట్ 1877 మార్చిలో మెల్‌బోర్న్‌లో మొదలైనా, ఆటగాళ్లను ఇలా విడదీసి రెండు జట్లు కట్టే విధానం 1990ల చివరికి గానీ స్థిరపడలేదు. ఈ చీలికకు నైపుణ్యంలోని తేడా కొంతవరకే కారణం. సెలెక్టర్ల ఆలోచనలు, బోర్డుల కాంట్రాక్టులు, ఫ్రాంచైజీల డబ్బు, ఊపిరాడనివ్వని క్యాలెండర్ కలిసి దాన్ని పెంచాయి. ఫలానావాడు ఫలానా ఆటకు పనికిరాడన్న తీర్పు తప్పని తేలిన సందర్భాలు ఈ చరిత్రలో చాలా ఉన్నాయి.

ఆటలోనే ఉన్న తేడా

టెస్టు ఓపెనర్ నేర్చుకోవలసిన మొదటి విద్య బంతిని వదిలేయడం. ఆఫ్‌స్టంప్ ఎక్కడుందో తెలిసినవాడు దాని పక్కనుంచి పోయే బంతికి బ్యాటు అడ్డం పెట్టడు. వెనుక ముగ్గురు నలుగురు స్లిప్ ఫీల్డర్లు కాచుకుని ఉంటారు కాబట్టి ఆ బంతిని ఆడటమే ప్రమాదం. టీ20లో ఇన్నింగ్స్ మొత్తం 120 బంతులే. అక్కడ వదిలేసిన ప్రతి బంతీ జట్టుకు నష్టమే. అందుకే బ్యాటర్ ముందుకాలు పక్కకు తీసి, చేతులు ఆడించడానికి చోటు చేసుకుని, బంతిని లేపి కొడతాడు. టెస్టులో బౌలర్‌కు వికెట్ తెచ్చిపెట్టే గుడ్‌లెంగ్త్ బంతి ఇక్కడ లాంగాన్ మీదుగా స్టాండ్స్‌లో పడుతుంది. అందుకే పొట్టి ఫార్మాట్ బౌలర్ యార్కర్, నిదానపు బంతి, వైడ్ గీతకు ఆనించి వేసే బంతి సాధన చేస్తాడు.

బంతి కూడా వేరే. తెల్ల బంతి సాధారణంగా మొదటి కొన్ని ఓవర్లే స్వింగ్ అవుతుంది. 2011 అక్టోబరు నుంచి 2025 దాకా వన్డేల్లో ఇన్నింగ్స్ అంతా రెండు ఎండ్‌ల నుంచి రెండు కొత్త బంతులు వాడటంతో బంతి పాతబడే అవకాశం తగ్గి, రివర్స్ స్వింగ్ దాదాపు మాయమైంది. పాత బంతితో వికెట్లు తీసే కళ అలా టెస్టులకే మిగిలిపోయింది.

ఒక్కరే అన్నీ ఆడిన కాలం

1939లో డర్బన్‌లో గడువు లేకుండా మొదలైన టెస్టు పది రోజులు గడిచినా తేలలేదు. 696 పరుగుల లక్ష్యాన్ని ఛేదిస్తున్న ఇంగ్లండ్ 654/5 వద్ద ఉండగా, స్వదేశానికి వెళ్లే ఓడ అందుకోవడం కోసం ఆట ఆపేశారు. అంత తీరిక ఉన్న ఆటలో నెమ్మదిగా ఆడటం లోపం కాదు. హైదరాబాదీ సొగసరి ఎం.ఎల్. జయసింహ 1960లో కలకత్తాలో ఆస్ట్రేలియాపై ఒకే టెస్టులో అయిదు రోజులూ బ్యాటింగ్ చేసిన తొలి క్రికెటర్‌గా నిలిచాడు. అదే ఏడాది కాన్పూర్‌లో పాకిస్థాన్‌పై 99 పరుగులకు ఎనిమిది గంటలకు పైగా క్రీజులో ఉన్నాడు. షాట్ల అందానికి పేరుపడిన బ్యాటరే అంతటి జిడ్డు ఇన్నింగ్స్ ఆడాడు. పరిస్థితి ఏది అడిగితే అది ఆడటం అప్పట్లో అందరి బాధ్యత.

ఓవర్ల పరిమితి ముందుగా ఇంగ్లండ్ కౌంటీల్లో వచ్చింది. 1963లో జిల్లెట్ కప్ 65 ఓవర్లతో మొదలైంది. 1969లో వచ్చిన 40 ఓవర్ల ఆదివారపు లీగ్‌లో ఆట త్వరగా ముగియాలని బౌలర్ల రనప్‌ను 15 గజాలకు కుదించారు. తొలి అంతర్జాతీయ వన్డే మాత్రం వాన పుణ్యం. మెల్‌బోర్న్ టెస్టు మొదటి మూడు రోజులు వర్షార్పణం కాగా, 1971 జనవరి 5న ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ జట్ల మధ్య ఎనిమిది బంతుల ఓవర్లతో 40 ఓవర్ల మ్యాచ్ పెట్టారు. 46 వేల మంది వచ్చారు. టెస్టు ఆడాల్సినవాళ్లే అదీ ఆడారు.

కొత్త ఆటకు అలవాటు పడటానికి ఎంత కాలం పట్టిందో 1975 జూన్ 7 చెబుతుంది. తొలి ప్రపంచకప్ తొలి రోజున లార్డ్స్‌లో ఇంగ్లండ్ 60 ఓవర్లలో 334 చేసింది. ఓపెనర్‌గా దిగిన సునీల్ గవాస్కర్ చివరిదాకా నిలిచి 174 బంతుల్లో చేసినవి 36. జట్టుకు ఉన్న 360 బంతుల్లో దాదాపు సగం ఆయనే ఆడాడు. భారత్ 202 పరుగుల తేడాతో ఓడింది. గవాస్కర్ వన్డేలకు పనికిరాడని తేల్చడానికి ఈ ఇన్నింగ్స్‌నే చూపిస్తుంటారు. కానీ అదే గవాస్కర్ 1987 ప్రపంచకప్‌లో నాగ్‌పూర్‌లో న్యూజిలాండ్‌పై 88 బంతుల్లో 103 నాటౌట్‌గా విరుచుకుపడ్డాడు. వన్డేల్లో ఆయన చేసిన ఒకే ఒక సెంచరీ అది. మొదటిదాన్ని గుర్తుపెట్టుకున్నంతగా రెండోదాన్ని గుర్తుపెట్టుకోకపోవడం అన్యాయం.

వన్డే నిపుణులు, రెండు జట్లు

1990ల్లో వన్డేలు వెల్లువెత్తాయి. 1992 ప్రపంచకప్‌లో న్యూజిలాండ్ మార్క్ గ్రేట్‌బ్యాచ్‌తో మొదటి ఓవర్ల నుంచే బాదించింది. ఆఫ్‌స్పిన్నర్ దీపక్ పటేల్‌తో బౌలింగ్ మొదలుపెట్టించింది. 1996లో శ్రీలంక ఓపెనర్లు జయసూర్య, కలువితరణ ఫీల్డింగ్ ఆంక్షలుండే మొదటి 15 ఓవర్ల విలువను లోకానికి చూపించారు. ఇదే సమయంలో నాలుగు పరుగులు, రెండు వికెట్లు, చురుకైన ఫీల్డింగ్ కలగలిసిన ఆల్‌రౌండర్లకు గిరాకీ పెరిగింది. న్యూజిలాండ్‌కు చెందిన క్రిస్ హ్యారిస్ 250 వన్డేలు ఆడితే, టెస్టులు 23. మన రాబిన్ సింగ్ 136 వన్డేలు, ఒకే ఒక్క టెస్టు ఆడాడు. అజయ్ జడేజా 196 వన్డేలకు 15 టెస్టులు.

వీరందరిలో పెద్ద పేరు మైకేల్ బెవాన్‌ది. 232 వన్డేల్లో 53.58 సగటు, 6912 పరుగులు. ఛేదనలో ఎప్పుడు ఒకటి తీయాలో ఎప్పుడు రెండు తీయాలో అంత లెక్కగా తెలిసిన బ్యాటర్ అరుదు. టెస్టులు మాత్రం 18 ఆడి 29 సగటుతో ఆగిపోయాడు. షార్ట్ బంతి ఆడలేడన్న మాట పడింది. అయితే ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో బెవాన్ సగటు 57. నాలుగు రోజుల మ్యాచ్‌ల్లో ఏళ్ల తరబడి అలా ఆడినవాణ్ని వన్డే నిపుణుడని మాత్రమే రాయడం సగం నిజమే అవుతుంది.

చీలికకు అధికారిక ముద్ర పడింది 1997లో. ఆస్ట్రేలియా సెలెక్టర్లు టెస్టు కెప్టెన్ మార్క్ టేలర్‌నూ, కీపర్ ఇయాన్ హీలీనీ వన్డేల నుంచి తప్పించారు. స్టీవ్ వాకు వన్డే పగ్గాలు, ఆడమ్ గిల్‌క్రిస్ట్‌కు గ్లవ్స్ దక్కాయి. జనం గోలపెట్టినా, ఆ బాటలోనే 1999 ప్రపంచకప్ వచ్చింది. అదే 1997 డిసెంబరులో ఇంగ్లండ్ ఆడమ్ హోలియోక్ కెప్టెన్‌గా షార్జాకు వన్డే జట్టును పంపి టోర్నీ గెలిచింది. కానీ ఆ విధానం దానికి 1999లో అక్కరకు రాలేదు. 2015 ప్రపంచకప్‌లో బంగ్లాదేశ్ చేతిలో ఓడి గ్రూపు దశలోనే ఇంటిదారి పట్టాకే ఇంగ్లండ్ గట్టిగా మారింది. 16 టెస్టులే ఆడిన ఇయాన్ మోర్గాన్ నాయకత్వంలో 2019లో ప్రపంచకప్ నెగ్గింది.

భారత్‌లో: తెలుగు క్రికెటర్ల అనుభవం

భారత్ చాలాకాలం ఈ విభజన వైపు మొగ్గలేదు. అజారుద్దీన్ 99 టెస్టులు, 334 వన్డేలు ఆడాడు. ఆయన తర్వాతి హైదరాబాదీ వి.వి.ఎస్. లక్ష్మణ్ దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి మారింది. 134 టెస్టులు ఆడిన లక్ష్మణ్‌కు దక్కిన వన్డేలు 86. ఒక్క ప్రపంచకప్ మ్యాచ్ కూడా ఆడలేదు. వికెట్ల మధ్య పరుగు, ఫీల్డింగ్ చురుగ్గా లేవన్నది ఆయన మీద మోపిన అభియోగం. 2003 ప్రపంచకప్‌కు ఆయన్ను కాదని దినేశ్ మోంగియాను తీసుకున్నారు. ఆ మరుసటి ఏడాది జనవరిలో ఆస్ట్రేలియాలో జరిగిన ముక్కోణపు సిరీస్‌లో లక్ష్మణ్ మూడు సెంచరీలు కొట్టాడు. మార్చిలో లాహోర్‌లో సిరీస్ తేల్చే వన్డేలో మరొకటి. ఈ నాలుగూ చూశాక టెస్టు ముద్ర చెరిగిపోవాలి. చెరగలేదు. 2006 తర్వాత ఆయనకు వన్డే జట్టులో చోటు లేదు.

కాకినాడలో పుట్టిన హనుమ విహారి భారత్‌కు 16 టెస్టులు ఆడాడు. వన్డే గానీ టీ20 గానీ ఒక్కటీ లేదు. 2019లో కింగ్‌స్టన్‌లో 111 చేశాడు. 2021 జనవరి 11న సిడ్నీలో పరుగు తీస్తుండగా తొడ కండరం పట్టేసింది. గెలుపు ఆశ పోయింది, ఇక మిగిలింది రోజంతా నిలబడటమే. అవతల వెన్నునొప్పితో అశ్విన్. పరిగెత్తలేని విహారి బంతి కింద బ్యాటు పెట్టడం, వదిలేయడం తప్ప మరోటి తలపెట్టలేదు. 161 బంతులు ఆడి 23 పరుగులు చేశాడు. ఇద్దరూ 42 ఓవర్లకు పైగా విడిపోకుండా నిలిచి మ్యాచ్ డ్రా చేశారు. స్కోరుబోర్డులో 23గా కనిపించే ఆ ఇన్నింగ్స్‌కు ఏ స్ట్రైక్‌రేట్ పట్టికా విలువ కట్టలేదు. 2023 రంజీ క్వార్టర్‌ఫైనల్లో ఆవేశ్ ఖాన్ బౌన్సర్‌కు ఎడమ మణికట్టు విరిగినప్పుడు, ఆంధ్ర కోసం ఎడమచేతివాటంగా నిలబడి, ఒంటిచేత్తో బంతిని అడ్డుకున్నదీ విహారీయే.

విశాఖ కీపర్ కె.ఎస్. భరత్‌దీ అదే కథ. రంజీలో ట్రిపుల్ సెంచరీ చేసిన తొలి వికెట్ కీపర్ ఆయన. భారత్ తరఫున ఏడు టెస్టులు ఆడాడు, పరిమిత ఓవర్ల మ్యాచ్ ఒక్కటీ లేదు. 2023 ఫిబ్రవరిలో నాగ్‌పూర్‌లో భరత్‌తోపాటే సూర్యకుమార్ యాదవ్ కూడా టెస్టుల్లో అడుగుపెట్టాడు. అప్పట్లో టీ20ల్లో ప్రపంచ నంబర్‌వన్‌గా ఉన్న సూర్యకు ఆ ఒక్క టెస్టే మిగిలింది.

గుంటూరు అంబటి రాయుడిది దీనికి పూర్తిగా తిరగేసిన దారి. 55 వన్డేల్లో 47 సగటు, ముంబయి, చెన్నై జట్లతో ఆరు ఐపీఎల్ టైటిళ్లు, టెస్టులు సున్నా. 2018 నవంబరులో ఫస్ట్‌క్లాస్ క్రికెట్ నుంచి తప్పుకుని తెల్ల బంతి మీదే దృష్టి పెట్టాడు. దాని మీదే ఆశలు పెట్టుకున్నవాడికి 2019 ప్రపంచకప్ పిలుపు రాలేదు.

టీ20, ఫ్రాంచైజీలు

ఇంగ్లండ్ కౌంటీల్లో 2003 జూన్ 13న ట్వంటీ20 కప్ మొదలైంది. 2007 తొలి టీ20 ప్రపంచకప్‌కు సచిన్, ద్రవిడ్, గంగూలీ దూరంగా ఉన్నారు. ధోనీ కుర్రజట్టు కప్పు తెచ్చింది. 2008లో ఐపీఎల్ రాగానే ఫార్మాట్ల మధ్య వేలంపాట ధర కూడా తేడా అయింది. ద్రవిడ్, కలిస్, వసీం జాఫర్, చందర్‌పాల్‌లతో దిగిన బెంగళూరును టెస్టు జట్టని జనం ఆటపట్టించారు, అది ఏడో స్థానంలో నిలిచింది. ఐకాన్ హోదా వదులుకుని మరీ జట్టుకు వేలంలో వెసులుబాటు కల్పించిన లక్ష్మణ్ సారథిగా దక్కన్ చార్జర్స్ అట్టడుగున మిగిలింది. మరుసటి ఏడాది గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో అదే హైదరాబాద్ జట్టు విజేత.

ఆ తర్వాత దేశం కోసం టెస్టు ఆడకుండానే పూర్తి జీవితం గడిపే క్రికెటర్లు వచ్చారు. 600కు పైగా టీ20లు ఆడిన కీరన్ పొలార్డ్‌కు ఒక్క టెస్టూ లేదు. లసిత్ మలింగ 30 టెస్టులతో 2011లోనే ఎర్ర బంతి వదిలేశాడు. 2018లో అలెక్స్ హేల్స్, ఆదిల్ రషీద్ కౌంటీలతో తెల్ల బంతి ఒప్పందాలే చేసుకున్నారు. 2022లో ట్రెంట్ బౌల్ట్ న్యూజిలాండ్ బోర్డు కాంట్రాక్టునే వదులుకున్నాడు. సన్‌రైజర్స్ హైదరాబాద్ 23 కోట్లు ఇచ్చి అట్టిపెట్టుకున్న హెన్రిక్ క్లాసెన్ నాలుగు టెస్టులకే స్వస్తి చెప్పాడు. వీరిని తప్పుపట్టడం తేలిక. చిన్న బోర్డులు ఏడాదంతా ఇచ్చేదాన్ని ఒక లీగ్ రెండు నెలల్లో ఇస్తున్నప్పుడు కుటుంబమున్న మనిషి ఏం చేయాలి?

టెస్టు వైపు ఒంటరిగా నిలిచింది చతేశ్వర్ పుజారా. 103 టెస్టులు, అయిదే వన్డేలు. 2017లో రాంచీలో 525 బంతులాడి 202 చేశాడు. 2018-19 ఆస్ట్రేలియా పర్యటనలో 521 పరుగులతో సిరీస్ గెలిపించాడు. 2021లో చెన్నై జట్టు ఆయన్ను 50 లక్షలకు కొని ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదు.

గోడ దాటినవారు

డేవిడ్ వార్నర్ ఒక్క ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ కూడా ఆడకుండా 2009 జనవరిలో ఆస్ట్రేలియా టీ20 జట్టులోకి వచ్చాడు. మొదటి మ్యాచ్‌లోనే 43 బంతుల్లో 89. ఇలాంటివాడికి టెస్టులేమిటని అనుకున్నవాళ్లే ఎక్కువ. టెస్టుల్లో ఇంకా బాగా రాణిస్తావని సెహ్వాగ్ తనతో అన్నట్టు వార్నర్ చెప్పుకున్నాడు. చివరికి 112 టెస్టులు, అడిలైడ్‌లో పాకిస్థాన్‌పై 335 నాటౌట్. క్రిస్ గేల్‌కు టెస్టుల్లో రెండు ట్రిపుల్ సెంచరీలున్నాయి. జయసూర్య 1997లో కొలంబోలో భారత్‌పై 340 కొట్టాడు. పొట్టి ఫార్మాట్ యార్కర్ల బౌలర్‌గా వచ్చిన బుమ్రాకు రెండేళ్ల తర్వాత, 2018లో, టెస్టు అవకాశం దక్కింది. ఇవాళ ఆయన లేని టెస్టు జట్టును ఊహించడం కష్టం.

మహిళల క్రికెట్‌లో

ఇక్కడ ఎంపిక ఆటగాళ్ల చేతిలో ఎప్పుడూ లేదు. హైదరాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్ 2002లో టాంటన్‌లో, తన మూడో టెస్టులోనే, 214 పరుగులు చేసింది. రెండు దశాబ్దాలకు పైగా సాగిన కెరీర్‌లో ఆమెకు 232 వన్డేలు దొరికితే, టెస్టులు 12. భారత మహిళల జట్టు 2006 నుంచి 2014 దాకా, మళ్లీ 2014 నుంచి 2021 దాకా ఒక్క టెస్టూ ఆడలేదు. ఆమెను వన్డే నిపుణురాలిగా చేసింది బోర్డుల క్యాలెండరే.

ఇటీవలి పరిణామాలు

2024 ఫిబ్రవరిలో బీసీసీఐ కాంట్రాక్టుల జాబితాలో శ్రేయస్ అయ్యర్, ఇషాన్ కిషన్ లేరు. రంజీ పట్ల వారి అనాసక్తే కారణమని అందరూ భావించారు. మార్చిలో టెస్టులకు ప్రోత్సాహక పథకం ప్రకటించారు. సీజన్‌లో 75 శాతం, అంతకుమించి టెస్టులు ఆడినవారికి 15 లక్షల ఫీజు కాక, మ్యాచ్‌కు మరో 45 లక్షలు. ఆ ఏడాదే ఐపీఎల్ వేలంలో పంత్ ధర 27 కోట్లు.

2025 మే నెలలో రోహిత్, కోహ్లీ టెస్టుల నుంచి తప్పుకున్నారు. అప్పటికే అంతర్జాతీయ టీ20లు వదిలేసిన ఆ ఇద్దరూ దేశం తరఫున వన్డేలకే మిగిలారు. వన్డేల సంఖ్య తగ్గిపోతున్న రోజుల్లో వన్డే నిపుణులు ఇలా కొత్తగా పుట్టారు. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో 114 చేశాడు. అదే ఏడాది అక్టోబరులోనే అంతర్జాతీయ టీ20ల్లో అడుగుపెట్టినవాడు ఆయన. 2024 నవంబరులో దక్షిణాఫ్రికాలో వరుసగా రెండు టీ20 సెంచరీలు బాదిన హైదరాబాదీ తిలక్ వర్మ, 2025 జూన్‌లో హాంప్‌షైర్ తరఫున కౌంటీ చాంపియన్‌షిప్‌లో దిగి, మొదటి మ్యాచ్‌లోనే ఎసెక్స్‌పై 200కు పైగా బంతులాడి సెంచరీ చేశాడు.