గీతల్లో పని బరువు

“వచ్చే నెల నువ్వెంత శాతం ఖాళీ?” హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఇది మామూలు ప్రశ్న. మనిషిలో సగం ఒక ప్రాజెక్టుకి, పావు ఇంకోదానికి, మిగతా పావు ఇంకా మొదలుకానిదానికి. ఏదీ లేకపోతే బెంచి మీదే. ఇలా మనుషుల్ని గళ్లలో సర్దడం కంప్యూటర్లతో వచ్చిన విద్య కాదు. లేత్ మిషన్ల మధ్య పుట్టింది.

హెన్రీ గాంట్ 1861లో అమెరికాలోని మేరీలాండ్‌లో పుట్టిన ఇంజనీరు, ఫ్యాక్టరీ పనిని శాస్త్రీయంగా కొలిచి నడపాలన్న ఫ్రెడరిక్ టేలర్ శిష్యుడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా ఆయుధ కర్మాగారాలకు, ఓడల నిర్మాణానికి ఆయన పటాలు గీశాడు. చేసిన మార్పు చిన్నదే: కాగితం మీద అడ్డంగా కొలిచేది సరుకుని కాదు, కాలాన్ని. పోలెండ్‌లో కరోల్ అడమియెట్స్కీ 1896లోనే ఇలాంటిది తయారుచేశాడు గానీ, ఆయన ఇంగ్లీషులో రాయలేదు. పేరు గాంట్‌కి దక్కింది.

గాంట్ 1919లో పోయాడు. ఆయన సహచరుడు వాలెస్ క్లార్క్ 1922లో ఈ పటాల మీద ఓ పుస్తకమే వేశాడు. అందులో ‘లోడ్ చార్ట్’ అని ఒకటుంది. చేతిలో ఉన్న ఆర్డర్లన్నీ కలిపి ఏ విభాగం ముందు ఎంత పని పేరుకుందో గీతల్లో చూపిస్తుంది. కొత్త ఆర్డరు ఒప్పుకునే ముందు చూసుకోవలసింది దాన్నే.

ఆ పుస్తకంలో నాకు ముచ్చటేసింది మాత్రం కార్మికుల పటం. రోజు గడి అంటే ఆ రోజు జరగాల్సిన పని. జరిగినంత మేర సన్నగీత, వారం మొత్తానికి లావుగీత. గీత గడి చివరిదాకా రాకపోతే పక్కన కారణం ఒక అక్షరంలో వేయాలి. మనిషి రాకపోతే ‘ఏ’, సరుకు ఇబ్బందైతే ‘ఎం’, పనిముట్లు మొరాయిస్తే ‘టీ’, పనికి కొత్తయితే ‘జీ’. తప్పు పనివాడిదా, పని పురమాయించినవాళ్లదా అన్నది అక్కడే తేలిపోయేది.

ఆ ‘జీ’ విలువ సాఫ్ట్‌వేర్‌లో ఫ్రెడ్ బ్రూక్స్‌కి బాగా తెలిసొచ్చింది. ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారీని నడిపిన అనుభవంతో 1975లో ‘ద మిథికల్ మ్యాన్-మంత్’ రాశాడు. ఆలస్యమైన పనిలోకి కొత్తవాళ్లను దింపితే, వాళ్లకు నేర్పడానికి పాతవాళ్ల చేతిలో పని ఆగుతుంది. అది ఇంకా ఆలస్యమవుతుంది.

ఇప్పటి ఎక్సెల్ షీటులో నూట ఇరవై శాతం పని నెత్తిన పడ్డవాడి గడి ఎర్రగా వెలుగుతుంది. పక్కన అక్షరం మాత్రం ఉండదు.