వెదురు రూపం – కలప సాక్ష్యం: ప్రాచీన చైనా గృహోపకరణాల నిర్మాణరీతి

చైనా గృహోపకరణాల చరిత్రకు మింగ్ కాలపు (1368–1644) గట్టి కలప కుర్చీలు, బల్లలే ప్రధానాధారాలుగా ఉంటున్నాయి. కాలానికి నిలిచినవి అవే. వెదురుకు పురుగు పడుతుంది, ఎండకు నిలువునా చీలుతుంది. నేడు పురావస్తువులుగా లభించే వెదురు సామగ్రిలో అధికభాగం చింగ్ కాలపు (1644–1912) చివరి దశకు చెందినది. అంతమాత్రాన వెదురు పనితనం అర్వాచీనమని నిర్ణయించడం సమంజసం కాదు. నశించిన వెదురు రూపానికి కలపే సాక్ష్యమిస్తున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

వెదురు బొంగు లోపల గుల్ల. పెద్ద బెజ్జం తొలిస్తే బలహీనపడి చీలుతుంది. అందువల్ల పనివాడు అడ్డబొంగును లోపలివైపు కొంతమేర చెక్కివేసి, పలుచని పట్టీని మాత్రం మిగిల్చి, సెగ చూపి, కాలిబొంగు చుట్టూ వంచుతాడు. ఈ చుట్టు అలంకారం కాదు. పదార్థం విధించిన నియమం.

హువాంగ్‌హువాలీ, జితాన్ వంటి కలపలకు ఈ నియమం వర్తించదు. వాటికి బెజ్జపు అతుకు చాలు. అయినప్పటికీ వడ్రంగులు అడ్డకమ్ములు కాలిని చుట్టుకొన్నట్లు కనిపించే ‘గ్వోత్వే’ రీతిని పాటించారు. కొన్ని జితాన్ బల్లలపై కణుపులను సైతం చెక్కారు. మింగ్ గృహోపకరణాల అధ్యయనానికి పునాది వేసిన వాంగ్ షిషియాంగ్ (1914–2009) ఈ రీతికి మూలం వెదురు పనేనని గుర్తించారు. చౌక పదార్థపు రూపాన్ని ఖరీదైన కలప అనుకరించడానికి కారణం లేకపోలేదు. వంగినా విరగని, లోపల శూన్యమైన వెదురును చైనా పండితులు శీలానికీ వినయానికీ ప్రతీకగా భావించారు.

ఈ అనుకరణ చైనాతో ఆగలేదు. ఇంగ్లండులోని బ్రైటన్ రాజభవనాన్ని జాన్ నాష్ 1815 నుండి పునర్నిర్మించినప్పుడు, మెట్లవరుసలను పోత ఇనుముతో వెదురును పోలినట్లు చేయించాడు. ఇనుముకు కణుపుతో పనిలేదు. అక్కడ కణుపు కేవలం జ్ఞాపకం.

గుణాఢ్యుని బృహత్కథ లభించకపోయినా, కథాసరిత్సాగరాదుల నుండి దాని స్వరూపాన్ని ఊహిస్తున్నాం. కలప కుర్చీని కూడా అదేవిధంగా చదవవచ్చు. అయితే అనుకర్త తనకు నచ్చినదానినే నిలుపుకొంటాడు. కలపలో మిగిలినది వెదురు ఆకృతి మాత్రమే. ఆ బొంగును సెగపై వంచిన చేతుల వివరం అందులో లేదు. కాబట్టి గ్వోత్వే అతుకును అలంకార విశేషంగా నమోదుచేసి విడిచిపెట్టక, దాని వెనుక ఉన్న వెదురు పనివారిని కూడా చరిత్రలో లెక్కించవలసి ఉంది.