అప్పజెప్పిన పాఠము



పూర్వము మన వీథిబడులలో పాఠము అప్పజెప్పుట యనగా పిల్లవానికి గండము. పుస్తకము మూసి పంతులుగారి యెదుట నిలువవలెను. తడబడినచో కోదండము తప్పదని మా తాతగారు చెప్పెడివారు. నేను ఉపాధ్యాయుడనైన క్రొత్తలో ఆ యాచారము మోటుదని తలచి విడిచితిని. పాఠమును మరల మరల చదివించిన చాలుననుకొంటిని. ఆనాడు పిల్లలు చక్కగా చెప్పెడివారు. వారము గడచిన పిమ్మట తెల్లమొగము వేసెడివారు. అది వారి యశ్రద్ధయని నేను కోపగించితిని. ఆ కోపము తలంచుకొన్న నేటికిని సిగ్గగును.

జర్మనీ దేశీయుడగు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థములేని అక్షరపు ముక్కలను 2300 వరకు కూర్చుకొని, తనకు తానే శిష్యుడై వల్లించుచు, మరచుచు, లెక్కగట్టి 1885లో గ్రంథము ప్రకటించెను. ఒకమారు నేర్చినదానిని మరల నేర్చుటలో కలిసివచ్చు శ్రమ గంటలోపలనే సగమునకు తక్కువైపోయెనట! అటుపిమ్మట మరపు వేగము మందగించెను.

ఈ విచారమును బడిలోనికి తెచ్చినవారిలో ముఖ్యుడు అమెరికాలోని హెర్బర్ట్ స్పిట్జర్. ఆయన 1939లో ప్రకటించిన పరిశోధనలో అయోవా రాష్ట్రపు ఆరవతరగతి పిల్లలు 3605 మంది పాల్గొనిరి. చదివిన వ్యాసములు వేరుసెనగను, వెదురును గూర్చినవి. (మొదటిది మన రాయలసీమ పిల్లలకు చదువనక్కరలేని పాఠమే!) చదివిన వెంటనే ప్రశ్నింపబడినవారు వారములు గడచినను ఎక్కువ నిలుపుకొనిరి. తొలిప్రశ్న ఆలస్యమైనవారు అప్పటికే చాల పోగొట్టుకొనిరి. పరీక్ష కొలబద్ద మాత్రమే కాదు, అదియు నొక చదువే యని దీనివలన తేలినది. అయినను బడులు చాలకాల మీ మాట చెవినిడలేదు.

నా పొరపాటు నాకు తెలిసినది 2006లో రోడిగర్, కార్పికె అను వారు ప్రకటించిన లెక్కలవలన. కళాశాల విద్యార్థులలో కొందరు పాఠమును రెండుమారులు చదివిరి. కొందరు ఒకమారు చదివి, పుస్తకము చూడక జ్ఞప్తియున్నంత వ్రాసిరి. అయిదు నిమిషములకు మొదటివారు నూటికి 81 పాళ్లు, రెండవవారు 75 పాళ్లు చెప్పగలిగిరి. వారమునకు తలక్రిందులు: మొదటివారికి 42, రెండవవారికి 56. ఉదయము చదివించి ఉదయమే ప్రశ్నించిన నేను మోసపోవుట వింతగాదు.

వీథిబడి దోషము కోదండమునందును, అర్థము విచారింపని వల్లెవేతయందును కలదు గాని, పుస్తకము మూయుటయందు లేదు. ఇప్పుడు నేను పాఠాంతమున పుస్తకములు మూయించి, తోచినది వ్రాయుడందును. మూడునాళ్లకు మరల అడుగుదును. మొదటిదినమున పిల్లలు మార్కులెన్నియని యడిగిరి. లేవంటిని. వెనుకవరుస బాలు డొకడు, “అట్లయిన వ్రాసెదనండీ” అని కలము తీసెను.