ప్యాకప్పయిపోయింది

ఆఫీసు నుంచి ఇంటికెళ్తూ, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు ట్రాఫిక్‌కి భయపడి అప్పుడప్పుడు ఫిల్మ్‌నగర్ సందుల్లోకి దూరుతుంటాను. ఆ మధ్య అక్కడ ఆగి టీ తాగుతుంటే పక్కన ఒక లైట్‌బాయ్ ఫోన్లో చెప్తున్నాడు: "ఆరింటికే ప్యాకప్పయిపోయింది బావా, వచ్చేస్తున్నా."

ఆ ఒక్క మాటని విడగొట్టి చూడండి. ప్యాక్, అప్, అయి, పోయింది. రెండు ఇంగ్లీషు ముక్కలు, రెండు తెలుగు ముక్కలు. తమాషా ఏంటంటే, చివరనున్న 'పోయింది' చేసే పనీ, మధ్యనున్న 'అప్' చేసే పనీ దాదాపు ఒకటే. వ్యవహారం పూర్తిగా ముగిసిందని చెప్పడం. 'డ్రింక్'కి 'అప్' తగిలిస్తే వచ్చే అర్థమే మనకి 'తాగు'ని 'తాగెయ్' చేస్తే వస్తుంది.

ఇంగ్లీషు నేర్చుకునే పరాయివాళ్ళకి అన్నిటికంటే కష్టం ఈ జంట క్రియలేనని శామ్యూల్ జాన్సన్ 1755లోనే తన నిఘంటువు ముందుమాటలో ఒప్పుకున్నాడు. వీటికి 'ఫ్రేజల్ వెర్బ్' అన్న పేరు 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. ఆయనకి ఆ పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ. గివ్ తెలుసు, అప్ తెలుసు, అయినా 'గివప్' తెలీదు. మనమూ తక్కువ తినలేదు లెండి. లేవడం, పోవడం విడివిడిగా నేర్చుకున్న దొరగారికి 'ఆ అమ్మాయి లేచిపోయింది' అంటే ఏం అర్థమవుతుంది పాపం?

తేడా ఒక్కచోటే. జరిగిపోయిందని చెప్పే తోక ఇంగ్లీషులో మధ్యలో కూర్చుంటుంది: 'ప్యాక్డ్ అప్'. తెలుగులో క్రియకి ఏం తగిలించినా చివర్నే తగిలించాలి, మధ్యలో వేలు పెట్టే సౌకర్యం లేదు. అందుకని మనవాళ్ళు ఆ జంటని ఫెవికాల్ పెట్టి అతికించి, నామవాచకం చేసేసి, వెనక చెయ్యి, అవ్వు, ఇవ్వు తగిలించారు. మన భాషలో చెప్పాలంటే, లోపలి కోడ్ ముట్టుకోకుండా పైన రాపర్ రాశారు.

ఇందులో సినిమావాళ్ళ చెయ్యి చాలా ఉందని నా అనుమానం. మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) తీసింది బొంబాయిలో. తర్వాత దశాబ్దాల పాటు మన సినిమాకి మద్రాసే ఇల్లు. రకరకాల భాషలవాళ్ళు ఒకే ఫ్లోర్ మీద పనిచేసే ఆ స్టూడియోల్లో మేకప్, క్లోజప్, టచప్ లాంటివి పుస్తకంలో చదివిన మాటలు కావు, చెవిన పడ్డ పనిముట్ల పేర్లు. 1976లో అక్కినేని అన్నపూర్ణ స్టూడియో తెరిచారు. పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు కూడా ఈ కొండల మీదికి వచ్చాయి. కెమెరాలు, లైట్లతో పాటే ఆ మాటలూ ఇక్కడ దిగాయి. హాలీవుడ్‌లో షూటింగ్ ముగిస్తే 'రాప్' అంటారు. మనకి ఇప్పటికీ ప్యాకప్పే.

దిగి ఊరుకోలేదు, చివర ఉకారం పెట్టుకుని తెలుగువైపోయాయి. గెటప్పు అంటే వేషం (ఇంగ్లీషులోనూ ఆ అర్థం ఉంది), అది ఒక నటుడికి ఇంటిపేరులా అతుక్కుపోయింది, గెటప్ శ్రీను. బిల్డప్పు ఇంగ్లీషులో మెల్లగా పోగుపడటం, మన దగ్గర లేని గొప్ప చూపించడం. సెటప్పు అర్థం మీకు తెలుసు, నేను చెప్పను :) దీన్ని తప్పుడు ఇంగ్లీషు అంటే మాత్రం ఒప్పుకోను. ఇది శుభ్రమైన తెలుగు వ్యాకరణం.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. చాలా ఏళ్ళ క్రితం ఒక ఇంటర్వ్యూ ప్యానెల్లో మా సీనియరూ నేనూ కూర్చున్నాం. తెలుగు మీడియంలో చదువుకున్న కుర్రాడు, డేటాబేస్ ప్రశ్నలన్నిటికీ చక్కగా చెప్పాడు. చివర్లో "ఐ బ్యాకప్డ్ ద డేటా" అన్నాడు. 'బ్యాక్డ్ అప్' అనాల్సింది. సీనియర్ పకాలున నవ్వాడు. ఆ తర్వాత కుర్రాడు నోరు మెదపలేదు.

వాడు చేసిందల్లా తోకని తెలుగువాడు పెట్టేచోట, అంటే చివర, పెట్టడమే. అప్పట్లో మేం తయారుచేసిన స్క్రీన్ల మీద 'లాగిన్' అన్న నామవాచకాన్ని క్రియలా వాడేవాళ్ళం, ఎవరూ నవ్వలేదు. ఆ రోజు ఫారంలో కమ్యూనికేషన్ ఎదురుగా 'పూర్' అని రాశారు. కింద నా సంతకం కూడా ఉంది.